క్వారంటైన్ ట్యాంకులో రోజూ సగం నీళ్లు మార్చాలా?

కొత్త_ఉప్పునీరు: నమస్కారం. కొత్త చేపలను విడిగా ఉంచే 80 లీటర్ల క్వారంటైన్ ట్యాంకులో ఒక పౌడర్ బ్లూ టాంగ్ చేప, రెండు క్లౌన్ చేపలు ఉన్నాయి. అడుగున ఇసుక లేదు. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు, ఒక స్పాంజ్ ఫిల్టర్, అంతే. పరాన్నజీవులను చంపే కాపర్ మందు 2.25 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర నిలబెట్టాను. నాలుగో రోజుకే అమ్మోనియా 0.5 చూపిస్తోంది. నీళ్లు మారిస్తే కాపర్ పడిపోతోంది, మార్చకపోతే అమ్మోనియా పెరుగుతోంది. దేన్ని ముందు చూసుకోవాలి?

భీమిలి_తీరం: అమ్మోనియానే. రోజూ సగం నీళ్లు తీసేయండి. పద్నాలుగేళ్లుగా సముద్రపు నీళ్లు తెచ్చి వడకట్టి వాడుతున్నవాణ్ణి చెబుతున్నాను.

మూడో_ట్యాంకు: సగం తీసి వట్టి ఉప్పునీళ్లు పోస్తే కాపర్ 1.1కి దిగుతుంది. ఆ మోతాదుకు తెల్లచుక్క పరాన్నజీవి చావదు. ముప్పై రోజుల మందు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలు. పోసే నీళ్లలో ముందే 2.25కి మందు కలిపి, కొలిచి, అప్పుడు పోయండి. అసలు లోపం ఆ స్పాంజ్‌లో ఉంది. కొత్తది కదా? నెల రోజులు పెద్ద ట్యాంకు సంపులో (ఫిల్టర్లు ఉండే తొట్టిలో) ఉంచి తెచ్చుకుంటే, చేపల వ్యర్థాల అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పట్టి ఉండేది.

కొత్త_ఉప్పునీరు: కొత్తదే. దుకాణంలో అమ్మోనియాను బంధించే ద్రవం ఇచ్చారు. పోయనా?

మూడో_ట్యాంకు: వద్దు! కాపర్ ఉన్న నీళ్లలో అలాంటివి చాలావరకు కాపర్‌ను మరింత విషంగా మారుస్తాయి.

బుడగలు: గాజుకు అంటించే అమ్మోనియా బిళ్ల ఉందా? ఏ రంగులో ఉంది?

కొత్త_ఉప్పునీరు: ఉంది. పసుపు.

మూడో_ట్యాంకు: పసుపంటే ప్రమాదం లేనట్టే, ఇంకా వ్యవధి ఉంది. బిళ్ల చేపకు విషమయ్యే విడి అమ్మోనియాను మాత్రమే చూపిస్తుంది. పరీక్ష గొట్టం మొత్తం చూపిస్తుంది. పీహెచ్ 8.2 దగ్గర అందులో విడిగా ఉండేది పదో వంతు లోపే.

భీమిలి_తీరం: బిళ్లలను నమ్మను. గొట్టంలో ఆకుపచ్చ వచ్చిందంటే అమ్మోనియా ఉన్నట్టే.

మూడో_ట్యాంకు: లేదని ఎవరన్నారు? ఎంత ఉందన్నదే ప్రశ్న.

భీమిలి_తీరం: ఇలాగే వంతులు, పాళ్లు చెప్పిన ఒకాయన మాట విని టాంగ్‌ను పోగొట్టుకున్నాను. తెల్లవారేసరికి హీటర్ వెనక ఒరిగి ఉంది, మొప్పలు విచ్చుకుని. బిళ్ల మాత్రం పసుపుగానే ఉంది.

మూడో_ట్యాంకు: ఆ ఒకాయన నేనేనని నేరుగా అనవచ్చు. మరి నా పదకొండు చేపల సంగతి? “చలాకీగా ఉంది, క్వారంటైన్ ఎందుకు, నేరుగా వదిలేయండి” అని ఇక్కడ రాసింది మీరే. తొమ్మిది రోజుల్లో రెండు మిగిలాయి.

బుడగలు: పాత లెక్కలు బయటికి వస్తున్నాయి.

భీమిలి_తీరం: రాశాను. క్వారంటైన్ వద్దనడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఒంటి మీద చుక్క కూడా లేని చేపను ముప్పై రోజులు విషంలో ఉంచడం నాకు మింగుడు పడదు. మంచి నీళ్లలో పెట్టి చూస్తూ ఉండండి, జబ్బు కనిపిస్తే మందు వేయండి. రోజూ సగం మార్చమనేది కూడా అందుకే.

మూడో_ట్యాంకు: అంటే కాపర్ పడిపోయినా మీకు బాధ లేదు! ఈ మాట పొద్దున్నే చెప్పి ఉంటే బిళ్ల రంగు మీద ఇంత సేపు కొట్టుకునేవాళ్లం కాదు. చుక్క ముందు మొప్పల్లో పడుతుంది, బయటికి కనిపించదు. వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు అయితే మీరు చూసేసరికి మందుకు కూడా వ్యవధి ఉండదు.

భీమిలి_తీరం: చూసే కన్ను ఉంటే కనిపిస్తుంది. మొప్పలు కొట్టుకునే వేగం లెక్కపెట్టండి.

మూడో_ట్యాంకు: రాత్రి డ్యూటీ చేసేవాడు ఎప్పుడు లెక్కపెట్టాలి?

భీమిలి_తీరం: అప్పుడు టాంగ్‌ను కొనకూడదు.

కొత్త_ఉప్పునీరు: నాదీ రాత్రి డ్యూటీయే. ఇప్పుడే 40 లీటర్లు మార్చాను, ముందుగా కాపర్ కలిపి. అమ్మోనియా 0.25. రబ్బరు బ్యాండుతో గొట్టానికి కట్టిన నోరి (ఎండు సముద్రపు నాచు) ముక్కను టాంగ్ ఒక మూల కొరికింది.

భీమిలి_తీరం: రేపు కూడా మార్చండి.

మూడో_ట్యాంకు: కొలిచాక.