సుశీలమ్మ అరవైల పాటల సెట్టు: పాటలు సరే, మోత ఎందుకిట్ల ఉంది?

రేగడి రేడియో (ప్రొద్దుటూరు):
పి.సుశీల 1960-69 మధ్య పాడిన తెలుగు సినిమా పాటల సెట్టు ఇది. రెండు సీడీలు, 36 పాటలు. ఎంపికకు వంక పెట్టేదానికి లేదు. కానీ ఒక్కో పాట ఒక్కో తీరుగా మోగుతోంది.

'సన్నగ వీచే చల్లగాలికి'లో 'స' తెగిపోయి 'హన్నగ' అన్నట్టు వినబడుతుంది. 'నీవులేక వీణ పలుకలేనన్నది' ఇయర్‌ఫోన్‌లో వింటే గొంతు ఎడమ చెవిలో మందంగా, కుడి చెవిలో రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టు ఉంది. 'గోదారీ గట్టుంది'లో గొంతు చిన్నపిల్ల గొంతు మాదిరి అయిపోయింది, పాట కూడా తొందరగా పరిగెత్తుతోంది. వీటిని కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చా? ఇంకోటి, 'పగలే వెన్నెల' కూడా ఇందులో ఉంది. అది సుశీలమ్మదేనా?

తుంగభద్ర 45 (కర్నూలు):
కాదన్నా. 'పూజాఫలం' (1964)లో 'పగలే వెన్నెల' పాడింది ఎస్.జానకి. సాలూరి రాజేశ్వరరావు బాణీ, సినారె రచన. తీసింది మన పులివెందుల వైపు బి.ఎన్.రెడ్డి గారు కాబట్టి సీమవాళ్లమైనా ఈ తప్పు చేయకూడదు. సుశీల సెట్టులో జానకి పాట పెట్టినారంటే కూర్చినవాళ్లు పాట వినకుండా పట్టీ చూసి కూర్చినట్టే.

ఎంపికకు వంక లేదన్నారు. నేనొప్పుకోను. 'ఎంత హాయి ఈ రేయి', 'హిమగిరి సొగసులు', 'కొండగాలి తిరిగింది' గొప్ప పాటలే, కానీ ఘంటసాల సెట్టు ఏది కొన్నా అవి ఉంటాయి. సుశీల పేరు మీద వేసినప్పుడు ఆమె ఒక్కతే మోసిన పాటలకు చోటివ్వాలి. 'మీరజాలగలడా నా యానతి' (శ్రీకృష్ణ తులాభారం, 1966) లేకుంటే అది అరవైల సెట్టే కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో నాటకరంగాన్ని ఊపేసిన పాట అది. ఆ నాటకపు పొగరు పోకుండా, రంగస్థలపు రాగాలాపన సాగదీత మాత్రం లేకుండా మైకు ముందు పాడటం చిన్న సంగతి కాదు. 'లవకుశ' (1963) నుంచి ఒక్కటే పెట్టాలంటే 'వినుడు వినుడు రామాయణ గాథ' పెట్టాలి. పి.లీల గొంతు బరువు, సుశీల గొంతు సన్నదనం పక్కపక్కనే దొరుకుతాయి. 'అన్నయ్య సన్నిధి' (బంగారు గాజులు, 1968) ఉందా మీ సెట్టులో?

పెన్న గట్టు (కడప):
మోత సంగతి నేను చెప్తా. మూడు పాటలకూ మూడు వేరే జబ్బులు.

'స' పోవడం: గరగర తీసేసే ఫిల్టర్ ఎక్కువ పెట్టినారు. స, శ, ష అక్షరాల బలమంతా సుమారు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, పాత రికార్డు గరగరా అక్కడ బాగా వినబడుతుంది. ఫిల్టర్‌కు రెండిటికీ తేడా తెలియదు. ఆడాసిటీ (ధ్వనిని సరిచేసే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రామ్)లో ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో చూపే పటం) చూడండి. 5, 6 కిలోహెర్ట్జ్ పైన కత్తిరించినట్టు ఖాళీగా ఉంటే దానికి మందు లేదు. ట్రెబుల్ పెంచితే లేని 'స' రాదు, ఉన్న చప్పుడు పెరుగుతుంది. వేరే కాపీ వెతకాల్సిందే.

రెండు చెవుల తేడా: దొంగ స్టీరియో. ఆ పాట 1964 నాటి 'డాక్టర్ చక్రవర్తి'ది. అప్పటి మన సినిమా పాట మోనోనే, అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని. ఒకే ధ్వనిని రెండుగా చీల్చి, ఒకవైపు కింది స్థాయి, ఇంకోవైపు పై స్థాయి పెంచేసి స్టీరియో అని అమ్ముతారు. పరీక్ష సులువు. ట్రాక్‌ను 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' చేయండి, ఒకదాన్ని ఎంచుకుని 'ఇన్వర్ట్' కొట్టండి, రెండూ కలిపి వినండి. పూర్తి నిశ్శబ్దమైతే నికార్సైన మోనో. గొంతు మాయమై గరగర మాత్రం మిగిలితే మోనో రికార్డును స్టీరియో ముల్లు (రికార్డు ప్లేయర్ సూది)తో కంప్యూటర్‌లోకి ఎక్కించినారని అర్థం. అది మంచి సంగతే, ఇన్వర్ట్ వెనక్కి తీసి రెండూ కలిపేస్తే గరగర కొంత తగ్గుతుంది. గొంతు సన్నగా మిగిలిందంటే దొంగ స్టీరియో. దానికీ అట్లే ఇన్వర్ట్ తీసేసి కలిపి చూడండి. బావిలో పాడినట్టు వస్తే మాత్రం ఒకవైపు ఆలస్యం కూడా కలిపినారు. అప్పుడు కలపొద్దు, రెండిట్లో గొంతు నిండుగా ఉన్న వైపు ఒక్కటే ఉంచుకుని రెండోది తీసేయండి.

చిన్నపిల్ల గొంతు: ఆ పాట రికార్డు నుంచి కాదు, వీడియో నుంచి తీసినట్టుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ వీడియో (మన టీవీ, డీవీడీల పద్ధతి) 25. మార్చేటప్పుడు పాట 4 శాతం పైన వేగం పుంజుకుంటుంది. 3 నిమిషాల 20 సెకన్ల పాట 3:12కు వచ్చేస్తుంది, శ్రుతి హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో ముప్పాతికకు కాస్త తక్కువ పెరుగుతుంది. ఆడాసిటీలో వేగం మార్చే ఎఫెక్ట్ తెరిచి మైనస్ 4 శాతం ఇవ్వండి. టెంపో మార్చేదీ, పిచ్ మార్చేదీ వేరు. టెంపో మారిస్తే శ్రుతి అట్లే ఉంటుంది, పిచ్ మారిస్తే పరుగు అట్లే ఉంటుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు.

రేగడి రేడియో:
'అన్నయ్య సన్నిధి' లేదన్నా. 'గోదారీ గట్టుంది' మైనస్ 4తో కుదిరింది. 'నీవులేక వీణ'కు ఇన్వర్ట్ చేస్తే గొంతు సన్నగా మిగిలింది, కలిపితే బావిలో పాడినట్టే వచ్చింది, ఎడమవైపు ఒక్కటే ఉంచుకున్నా. 'సన్నగ వీచే' పాత హెచ్‌ఎంవీ 7 అంగుళాల రికార్డు దొరికేటట్టుంది. దాన్ని ఎక్కించుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

తుంగభద్ర 45:
7 అంగుళాలది 45 వేగంది (నిమిషానికి 45 చుట్లు తిరిగేది) అయితే వినైల్ అనే ప్లాస్టిక్, 10 అంగుళాల 78ది లక్క. 78కి ఎప్పుడూ స్పిరిట్ తాకించొద్దు, లక్క కరిగి గాళ్లు చెడిపోతాయి. దేనికైనా బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, మెత్తని బ్రష్, గాడి వెంబడే తుడవాలి, అడ్డం రుద్దొద్దు. మన బోరు నీళ్లతో కడిగితే ఉప్పు గాళ్లలో పేరుకుని చిటపట ఇంకా ఎక్కువవుతుంది. 78కి 3 మిల్ (అంగుళంలో వెయ్యోవంతులు మూడు) మొన ఉన్న ముల్లు విడిగా ఉండాలి. మామూలు ముల్లు గాడి అడుగున కూర్చుని మట్టిని చదువుతుంది, పాటను కాదు.

రికార్డింగ్ 24 బిట్‌లో, పెద్ద చప్పుడు వచ్చినచోట కూడా మైనస్ 6 డెసిబెల్ దాటకుండా. 'గుయ్' మని 50 హెర్ట్జ్ మోత వస్తే ముందు టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ చూడండి, ఫిల్టర్ తర్వాత. గరగర తగ్గించడం 6 డెసిబెల్ దగ్గర ఆపండి. 12 దాటితే మళ్లీ 'హన్నగ' దగ్గరికే వస్తారు.

పెన్న గట్టు:
ఒకటి మర్చిపోయినారు. ఏప్రిల్, మే నెలల్లో రికార్డు తెచ్చుకుంటే బస్సులో కిటికీ పక్కన పెట్టొద్దు, పడుకోబెట్టొద్దు, నిలబెట్టి తేవాల. మన ఎండకు ఒక్క గంట చాలు, రికార్డు వంగిందంటే ముల్లు ఎగిరెగిరి పడుతుంది.