బర్‌ఫర్డ్ చర్చి గోడల గార గీకించడం జీర్ణోద్ధారణేనా?

విండ్రష్ ఒడ్డు:
నేనుండేది ఇంగ్లండులోని స్విండన్‌లో. మొన్న శనివారం ఒకే రోజు రెండు పాత చర్చిలు చూసొచ్చాను. అప్పట్నుంచీ ఒక ప్రశ్న తొలిచేస్తోంది. ఇక్కడ పెడుతున్నాను, ఒప్పుకోనివాళ్లు మొహమాటం లేకుండా నిలదీయండి.

పొద్దున ఇంగిల్‌షమ్ వెళ్లాను. థేమ్స్ నదికి దగ్గర్లో, పొలాల మధ్య చిన్న చర్చి. పెద్ద గోపురమేమీ లేదు, కప్పు చివర గంట వేలాడే చిన్న గూడు, అంతే. కట్టడం చాలావరకు 13వ శతాబ్దిది. లోపల గోడకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్లి చూస్తే, వెల్ల పెచ్చులూడిన చోట కావిరంగు గీతలు. వాటి మీద కొంతమేర నల్లటి పాతకాలపు అక్షరాల్లో బైబిలు వాక్యాలు. ఆపైన మళ్లీ వెల్ల. కేథలిక్కుల కాలమూ, తర్వాతి ప్రొటెస్టెంట్ల కాలమూ జానెడు గోడలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కింద చిన్న చిన్న తలుపులతో, చుట్టూ చెక్క అడ్డుగోడలతో పాతకాలపు బెంచీలు. కదిపితే కిర్రుమంటాయి.

మధ్యాహ్నం బర్‌ఫర్డ్. ఉన్ని వ్యాపారంతో బాగుపడ్డ ఊరు, ఆ డబ్బంతా చర్చిలో కనిపిస్తుంది. 1175 ప్రాంతంలో నార్మన్లు కట్టిన గోపురం, దాని మీద 15వ శతాబ్దిలో ఎత్తిన సూదిమొన శిఖరం, మూడంతస్తుల ముఖమండపం. వ్యాపారుల సంఘం మొదట విడిగా కట్టుకున్న ప్రార్థనాలయం తర్వాత ఇందులో కలిసిపోయింది. బయట ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. లోపలికెళితే గోడలు ఒట్టి రాళ్లు. 1870లలో జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ చర్చిని బాగుచేయిస్తూ పాత గార గీకించేశాడు.

1876లో కవి, కళాకారుడు విలియం మోరిస్ ఆ పని చూసి మండిపడ్డాడు. ఆయన అద్దెకున్న కెల్మ్‌స్కాట్ ఇల్లు ఇక్కడికి దగ్గరే. వాదనకు దిగితే అప్పటి వికార్, అంటే ఆ చర్చి పాదిరి, “చర్చి నాదయ్యా, నాకు తోస్తే ఇందులో తలకిందులుగా నిలబడతాను” అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు ట్యూక్స్‌బరీ చర్చిలో గిల్బర్ట్ స్కాట్ అనే ఆర్కిటెక్ట్ చేయబోయే పని గురించి తెలిసి మోరిస్ పత్రికకు లేఖ రాశాడు. అదే నెలలో, 1877 మార్చిలో, పురాతన కట్టడాల రక్షణ సంఘం పుట్టింది. దాని మారుపేరు ‘యాంటీ స్క్రేప్’, గీకుడు వద్దనేవాళ్లని.

నా మాట చెబుతున్నాను. స్ట్రీట్ చేసినదాన్ని జీర్ణోద్ధారణ అనకూడదు. ఆరేడు వందల ఏళ్ల గోడ మీద ఏమేం ఉండేవో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

ఆదివారం గంట:
మీరు చూసిన రెండు చర్చిలనే తీసుకుందామండీ. ఇంగిల్‌షమ్‌లో ఇప్పుడు ఆరాధనకి కూడే సంఘం లేదు. అది వాడకం ఆగిన చర్చిల్ని చూసుకునే చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ చేతిలో ఉన్న కట్టడం. అలాంటివి ఆ ట్రస్ట్ దగ్గర 350కి పైగా ఉన్నాయి. బర్‌ఫర్డ్‌లో ఈ ఆదివారం కూడా ఆరాధన జరుగుతుంది, పిల్లలకి బాప్తిస్మం ఇస్తారు. మోరిస్ పూనుకుని కాపాడిన ఇంగిల్‌షమ్‌లో మనుషులు లేరు, స్ట్రీట్ ‘పాడుచేసిన’ బర్‌ఫర్డ్‌లో ఉన్నారు. దీనికేమంటారు?

నేను పద్దెనిమిదేళ్లుగా ఇక్కడి ఒక పల్లె చర్చికి వెళ్తున్నాను, దాని పాలకమండలిలో ఉన్నాను. మొన్నమొన్నటిదాకా మాకు మరుగుదొడ్డి లేదు. ఎనభై దాటిన పెద్దమ్మలు ఆరాధన మధ్యలో లేచి చలిలో ఇంటికి నడిచి వెళ్లేవాళ్లు. చక్రాల కుర్చీలో వచ్చే ఒకాయన ఇవాళ్టికీ అందరి వెనకాల, తలుపు గాలి కొట్టే చోట కూర్చుంటాడు, బెంచీల వరసల్లో కుర్చీ పట్టదు కాబట్టి. నాలుగు బెంచీలు తీస్తామంటే ఎన్ని ఉత్తరాలు, ఎన్ని అభ్యంతరాలు! ‘ఏదీ ముట్టుకోవద్దు’ అనే మాట వినడానికి బాగుంటుంది. అది చూసి వెళ్లేవాళ్ల మాట, అక్కడ మోకరించేవాళ్లది కాదు.

సున్నం మేస్త్రి:
ఇద్దరికీ నమస్కారం. ఇంగ్లండులో పాత రాతికట్టడాల మరమ్మతే నా ఉద్యోగం. బెంచీల సంగతి తర్వాత, ముందు గార సంగతి.

గార తీసేస్తే ‘అసలు గోడ’ బయటపడుతుందని విక్టోరియా కాలంవాళ్లు నమ్మారు. అది పొరపాటు. మధ్యయుగపు పల్లె చర్చి గోడ ఎక్కువగా బండరాళ్లూ చిన్న రాళ్లూ సున్నంలో పేర్చి కట్టినది. చెక్కిన రాయి ఖరీదు. దాన్ని మూలలకీ, కిటికీ అంచులకీ, కమానులకీ మాత్రమే వాడేవారు. మిగతాదంతా గార వేసి, వెల్ల కొట్టి, బొమ్మలు వేయడానికే. ఈసారి గార గీకిన చర్చికి వెళ్తే కిటికీ పక్కన చెక్కిన రాయి అంచు మీద వేలు పెట్టి చూడండి. చాలాచోట్ల పక్కనున్న మొరటు రాళ్ల కంటే అది కాస్త ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ ఎడం గార మందం. కట్టినవాడు గార కోసం వదిలిన చోటది. మన కళ్లముందున్న ఒట్టి రాతిగోడని 12వ శతాబ్దిలోనో 15వ శతాబ్దిలోనో ఎవ్వరూ చూసుండరు.

ఇంకోటి. సున్నపు గార తేమని పీల్చుకుని బయటికి వదిలేస్తుంది. గీకినవాళ్లలో చాలామంది, ఆ తర్వాతి తరాలవాళ్లు మరీను, రాళ్ల సందుల్లో సిమెంటు కూరారు. సిమెంటు తేమని వదలదు. నీళ్లు రాయిలోంచే బయటికి రావాలి, చలికాలం గడ్డకడితే రాయి మొహం పొరలుగా రాలిపోతుంది. నేను ఏడాది పొడుగునా చేసేది ఆ సిమెంటు పీకి సున్నం పెట్టడమే.

కాబట్టి గార విషయంలో నేను విండ్రష్ గారి పక్షం. మరుగుదొడ్డి విషయంలో గంట గారి పక్షం.

మెదక్ పోరడు:
మా మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు తెరిచిన్రు. పోస్నెట్ దొర కట్టిచ్చిండు. కోసుగ లేచిన కమానులు, రంగుల అద్దాల కిటికీలు. గవన్నీ యాడికెళ్లి వచ్చినయ్? స్ట్రీట్, స్కాట్ తరమోళ్లు ఊరూరు తిరిగి పాత చర్చిలు కొలిచి, బొమ్మలు గీసుకొని, గోతిక్ అనే గా పాతకాలపు కట్టుడు పని మళ్లీ నేర్సుకుంటెనే కద. ఆళ్లకు పాత చర్చి అంటె ప్రాణం. పగతోని గీకలే.

ఇంకో ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. మోరిస్ 1856ల పని నేర్సుకున్నది స్ట్రీట్ ఆఫీసుల్నే. ఆయనతోటి సంఘం పెట్టిన ఫిలిప్ వెబ్ సుత ఆడనే పనిచేసిండు. ఇద్దరు దోస్తులైంది గా ఆఫీసుల. స్ట్రీట్‌ను ఏం తెల్వనోని లెక్క చూడకుండ్రి.

విండ్రష్ ఒడ్డు:
తమ్ముడూ, స్ట్రీట్ తెలివితేటల మీద నాకు అనుమానం లేదు. ప్రేమ ఉండి కూడా గీకాడే అన్నదే నా బాధ.

బర్‌ఫర్డ్‌లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది శిఖరమూ కాదు, సమాధుల శిల్పమూ కాదు. బాప్తిస్మపు తొట్టి. 1649 మే నెలలో సేనాని క్రామ్‌వెల్ తన సైన్యంలోనే తిరగబడ్డ లెవెలర్లని, అంటే అందరికీ సమాన హక్కులు కోరినవాళ్లని, ఈ ఊళ్లో పట్టుకుని దాదాపు 340 మందిని ఈ చర్చిలో బంధించాడు. జీతాల బాకీ, ఐర్లండు యుద్ధానికి పోమనడం, సామాన్యుడికి ఓటుహక్కు, ఇవీ వాళ్ల గొడవలు. 17వ తేదీన ముగ్గురిని బయట ప్రహరీగోడ దగ్గర కాల్చేశారు. లోపల ఉన్నవాళ్లలో ఒకడు తొట్టి సీసపు అంచు మీద ‘ఆంథొనీ సెడ్లీ 1649 ఖైదీ’ అని చెక్కుకున్నాడు. ఇంగ్లీషులో ఖైదీ అన్న మాటకి ఒక అక్షరం తక్కువ. కొన్ని అక్షరాలు లోతుగా దిగాయి, కొన్ని జారాయి. రేపు బతికుంటానో లేదో తెలియనివాడి చెయ్యి అది.

ఆ సీసం మెత్తనిది కాబట్టి అతని పేరు మనకి దక్కింది. గార కూడా మెత్తనిదే. ఆష్‌వెల్ అనే ఊరి చర్చి గోపురం గోడ మీద 1350 నాటి మహమ్మారి గురించి ఎవరో లాటిన్‌లో గీకి రాసుకున్న మాటలు ఇప్పటికీ చదువుతున్నాం. బర్‌ఫర్డ్ గార మీద ఎందరు సెడ్లీలు ఉండేవారో?

ఆదివారం గంట:
ఆ తొట్టిని స్ట్రీట్ ఉంచాడు కదండీ. కొత్త సీసం వేయించడం అతనికి ఎంతసేపు?

ఇంకో మాట. ఇంగిల్‌షమ్ బొమ్మలు మనకి దొరికిందే వాటిని చెరిపేయాలనుకున్నవాళ్ల వల్ల. 16వ శతాబ్దిలో విగ్రహాలూ బొమ్మలూ వద్దని వెల్ల కొట్టేశారు, ఆ వెల్లే వాటిని కాపాడింది. ఎవరి పని ఎప్పుడు నాశనమో, ఎప్పుడు రక్షణో ఆ రోజున తేల్చలేం.

ఇక ‘చర్చి నాది’ అన్న వికార్. అతని మాట నాకూ మింగుడుపడదు. చర్చి వికార్‌ది కాదు, అలాగని ఏ రక్షణ సంఘందీ కాదు. పాత పద్ధతిలో కూడా జనం కూర్చునే భాగం బాగోగులు ఊరివాళ్లవి, బలిపీఠం ఉన్న తూర్పు భాగం చర్చి రాబడి అందుకునే రెక్టర్‌ది. ఇప్పుడు మేకు కొట్టాలన్నా ‘ఫ్యాకల్టీ’ అనే అనుమతి గురించి ఆలోచించాలి. బిషప్ కోర్టు న్యాయాధికారి ఇస్తాడు. 2012లో డఫీల్డ్ చర్చి కేసులో వచ్చిన తీర్పు తర్వాత ఆయన వరసగా అడిగే ప్రశ్నలు ఉన్నాయి: కట్టడం విలువకి నష్టం ఉందా, ఉంటే ఎంత, ఆ నష్టాన్ని మించిన మేలు జనానికి ఉందా. మా బెంచీల దరఖాస్తు మూడుసార్లు తిరిగి రాశాం. విసుగొచ్చినా, ఆ ప్రశ్నలు సరైనవే అంటాను.

విండ్రష్ ఒడ్డు:
అనుమతి పద్ధతి 1870లలోనూ ఉంది. గీకుడు ఆగలేదు కదా?

సున్నం మేస్త్రి:
ఆగలేదు, నిజమే. నిపుణుల సలహా కమిటీలు 20వ శతాబ్దిలో వచ్చాయి. తేడా అక్కడుంది.

నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను విండ్రష్ గారూ. రేపు బర్‌ఫర్డ్ గోడలకి మళ్లీ గార వేస్తామంటే సరే అంటారా?

విండ్రష్ ఒడ్డు:
వెంటనే. కట్టినవాళ్లు కోరుకున్నది అదేనని మీరే చెప్పారు.

సున్నం మేస్త్రి:
అక్కడే చిక్కు. స్ట్రీట్ గోడకి ఇప్పుడు నూటయాభై ఏళ్లు. అది కూడా ఒక పొర. విక్టోరియా కాలపు పనిని కాపాడటానికి 1958 నుంచి ఒక సొసైటీయే ఉంది, వాళ్లు అభ్యంతరం చెబుతారు. అంతకంటే రక్షణ సంఘం కోసం మోరిస్ రాసిన ప్రకటన చూడండి: పునరుద్ధరణ వద్దు, రక్షణ చాలు, రోజువారీ శ్రద్ధతో శిథిలాన్ని ఆపండి అంటాడు. పోయినదాన్ని ఊహించి మళ్లీ పెట్టడం ఆయనకి నచ్చనిదే. మీరు మోరిస్ పేరు చెప్పి స్ట్రీట్ పని చేస్తానంటున్నారు.

విండ్రష్ ఒడ్డు:
రెండు రోజులు ఆలోచించాను. మీ మాట కాదనలేను, అలాగని ఆ ఒట్టి గోడని ఒప్పుకోనూ లేను. గీకడం తప్పు అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. మళ్లీ పూయాలా అంటే, ఇవాళ నా దగ్గర జవాబు లేదు.

సున్నం మేస్త్రి:
పల్చటి సున్నపు వెల్ల ఒక దారి. రాయి ఆకారం కనిపిస్తూనే ఉంటుంది, తేమ ఆడుతుంది, గార వేసినంత పెద్ద మార్పు కాదు. ముందు ఒక మూల చేసి ఒక చలికాలం చూస్తాం. నేను అడిగినచోట సగం మంది పాలకమండళ్లు ఒప్పుకోవు, రాయి అందంగా ఉందంటారు.

మెదక్ పోరడు:
గంట అక్కా, మీ బెంచీల ముచ్చట ఏమైంది?

ఆదివారం గంట:
వచ్చే నెల సలహా కమిటీవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. నాలుగు కాదు, ఉత్తరం వైపు రెండు తీస్తే కుర్చీ పడుతుందని కొలిచాం. బెంచీల చెక్క అరుగు కింద పాత పలకల నేల ఉండొచ్చట. మేస్త్రి గారూ, అరుగు ఎత్తేటప్పుడు దేనికి జాగ్రత్త పడాలో నాకు విడిగా రాస్తారా?