స్క్రివెన్ డాక్టరు గారు ఇచ్చిన ఆ ట్రై న్యాయమేనా?

గోదావరి గట్టు:
జార్జ్ స్క్రివెన్ డబ్లిన్ ట్రినిటీ కాలేజీ మనిషి. ఐర్లాండ్ రగ్బీ జట్టుకు ఆడారు, నాయకుడిగా చేశారు, వృత్తి వైద్యం. అయినా చరిత్రలో ఆయన పేరు మిగిలింది రెఫరీగా ఇచ్చిన ఒక్క తీర్పు వల్లే. 1884 మార్చి 1, లండన్ దగ్గర బ్లాక్‌హీత్, ఇంగ్లండ్‌తో స్కాట్లాండ్ ఆట. స్కాట్లాండ్ ఆటగాడొకరు బంతిని చేత్తో వెనక్కి కొట్టారు. అది ఇంగ్లండ్‌కు చిక్కింది, వారి ఆటగాడు కిండర్స్‌లీ ట్రై చేశారు, అంటే బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించి నేలకు తాకించారు. వెనక్కి కొట్టడం మా నిబంధనల్లో తప్పు, ఆట అక్కడే ఆగాలి అని స్కాట్లాండ్. అసలు తప్పే కాదు, ఒకవేళ తప్పైనా చేసింది మీరే కదా అని ఇంగ్లండ్. స్క్రివెన్ ట్రై ఇచ్చారు. ట్రై తరువాత దొరికే కిక్‌తో ఇంగ్లండ్ ఆటగాడు బోల్టన్ దాన్ని గోల్‌గా మార్చడంతో ఇంగ్లండ్ గెలిచింది. రెఫరీ పని చేసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, మీరైతే ఏం చేసేవారు?

కబడ్డీ కోర్టు:
ఊరి పోటీలకు రెఫరీగా వెళ్తుంటాను. అనుమానం వస్తే ముందు ఈల వేస్తాను, గొడవ తరువాత సంగతి. ఆయన వెంటనే ఈల ఎందుకు వేయలేదు?

పాత స్కోరు పుస్తకం:
వేయడానికి ఈల ఉంటే కదా! రగ్బీ రెఫరీ చేతికి ఈల వచ్చింది 1885లో. అంతకుముందు జట్టుకొక అంపైరు ఉండేవారు. ఆటగాళ్లు అభ్యంతరం చెప్పాలి, అంపైర్లిద్దరూ ఏకీభవించకపోతేనే విషయం రెఫరీ దాకా వచ్చేది. అంటే నడిచే ఆటను తనంతట తాను ఆపే వీలు ఆయనకు దాదాపు లేదు.

లిఫీ ఒడ్డు:
డబ్లిన్‌లోనే వైద్యురాలిని. ట్రినిటీ ఆవరణలోని కాలేజీ పార్కులో ఇప్పటికీ రగ్బీ ఆడతారు, చలికి ఓర్చుకోగలిగితే చూడదగ్గదే. నేను ఒక చిన్న క్లబ్బుకు వారాంతాల్లో మైదానం పక్కన ఉంటాను. తలకు దెబ్బ తగిలినవాడిని బయటికి పంపితే ముందు వాడే వాదిస్తాడు, తరువాత కోచ్, ఆ తరువాత వాళ్ల నాన్న. డాక్టరు మాటంటే గౌరవం ఆస్పత్రి గుమ్మం దాకానే. పాపం స్క్రివెన్ గారు రెండు దేశాల మధ్య ఇరుక్కున్నారు.

పాత స్కోరు పుస్తకం:
ఇరుక్కోవడం అక్కడితో ఆగలేదు. 1885లో ఆ రెండు జట్లు ఆడుకోనే లేదు. 1886లో స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్ కలిసి రగ్బీ నిబంధనలు తేల్చే అంతర్జాతీయ బోర్డు పెట్టాయి, ఇంగ్లండ్ చేరనంది. దాంతో 1888, 1889లో ఆ మూడు జట్లూ ఇంగ్లండ్‌తో ఆడలేదు. చివరికి 1890లో లార్డ్ కింగ్స్‌బర్గ్ అనే స్కాటిష్ న్యాయమూర్తి, ఫుట్‌బాల్ పెద్ద మేజర్ మారిండిన్ మధ్యవర్తులుగా కూర్చుని తేల్చారు. ఇంగ్లండ్ బోర్డులో చేరింది. స్కాట్లాండ్ ఆ ఆటలో ఓటమి ఒప్పుకుంది.

కబడ్డీ కోర్టు:
వెనక్కి పోయిన బంతి నేటి రగ్బీలోనూ తప్పు కాదు కదా. కాబట్టి నా ఓటు డాక్టరు గారికే. కాకపోతే ఆట మొదలుకాకముందే ఇద్దరు నాయకులనూ పిలిచి ఎవరి నిబంధనల ప్రకారం ఆడుతున్నారో అడిగి ఉండాల్సింది. నేనైతే అడుగుతాను, మండల స్థాయి పోటీ అయినా సరే.

గోదావరి గట్టు:
అడిగినా నిబంధనలు రాసే హక్కు మాదే అని ఇంగ్లండ్ అనేది. అసలు తగాదా అదే కదండీ!