అమ్మ బతుకమ్మ పాటల క్యాసెట్: గొంతు మసకగా వస్తోంది, సాయం చేయండి

మాది హన్మకొండ. సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు బయలుదేరే ముందు అమ్మ పాడిన పాటలు 60 నిమిషాల క్యాసెట్‌లో ఉన్నాయి. 1994లో ఇంట్లోనే రికార్డు చేశాం. ఆమె గొంతు మాకు మిగిలింది అందులోనే. ఇప్పుడు వేస్తే దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. చప్పట్లు అసలు తెలియడం లేదు, ‘ఉయ్యాలో’ అన్న చోట మాత్రం గుర్తుపడుతున్నాను. వేగం బాగానే ఉంది.

ఇప్పుడు వాడుతున్న క్యాసెట్ డెక్‌లో టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచాను. టేపు బుస చప్పుడు తగ్గించే డాల్బీని ఆపి చూశాను. మిగతా క్యాసెట్లు ఇదే డెక్‌లో స్పష్టంగా వస్తున్నాయి. అప్పటి టేప్‌రికార్డర్ ఇప్పుడు లేదు, దాని హెడ్ కాస్త వంకరగా ఉండేదేమో అని నా అనుమానం.

పాట నడుస్తుండగానే, చప్పట్లు తేటగా వినిపించేదాకా డెక్ హెడ్ పక్కన దాని వంపు సరిచేసే స్క్రూ కొద్దికొద్దిగా తిప్పితే టేపుకు ఏమైనా హాని జరుగుతుందా?