అప్‌డేట్: స్కూటీ మీద సాన పట్టే మిషన్, చివరికి డీసీ మోటారే

హన్మకొండ, కాజీపేట గల్లీల్లో తిరిగి కత్తులు సాన పట్టడానికి అర హెచ్‌పీ బెంచ్ గ్రైండర్‌ను (కరెంటుతో తిరిగే సాన రాయి మిషన్) స్కూటీ మీద ఇన్వర్టర్ పెట్టి నడపొచ్చా అని ఇంతకుముందు పోస్టులో అడిగిన కదా. అసలు నడవదని కాదు, ఈ పనికి కుదరదు. మోటారు 370 వాట్లే అయినా స్టార్టింగ్‌లో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది; చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. పైగా నిమిషానికి 2800 చుట్లు తిరిగే ఆరంగుళాల రాయి పలుచటి అంచును కాల్చేస్తుంది. నీలం రంగు తేలిందంటే అక్కడ ఉక్కు మెత్తబడ్డట్టే, ఎంత నూరినా పదును నిలవదు.

ఇప్పుడు పెట్టింది ఇన్వర్టర్ లేకుండా బ్యాటరీ మీదే నడిచే 24 వోల్టుల 250 వాట్ల డీసీ మోటారు, స్పీడ్ కంట్రోలర్, రెండు 12 వోల్టుల బ్యాటరీలు, సాన బెల్టు. ముందు 120 గ్రిట్ బెల్టు (గ్రిట్ నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నం), తర్వాత 400, చివర తోలు పట్టీ. వంటింటి కత్తి అంచుకు ఒక్కోవైపు 20 డిగ్రీల కోణం, మటన్ కొట్టే కత్తికి 25 పైనే. ఇంకా పలుచన చేస్తే ఎముక తగిలి అంచు పెచ్చులూడుతుంది. అవతలి వైపు అంచు పొడవునా గోటికి సన్నటి గరుకు తగిలేదాకా వైపు మార్చొద్దు.

టైలర్ కత్తెర వేరే లెక్క. ఏటవాలు మొహమే నూరాలి. లోపలి మొహాన్ని బెల్టుకు పెడితే రెండు రెక్కల నడుమ సందు పడి గుడ్డ తెగదు, నలుగుతుంది.

మటన్ షాపులకు శనివారం సాయంత్రమే పోవాలి. ఆదివారం పొద్దున వాళ్లు తల ఎత్తరు.