బోనస్ అమ్మకంలో విమాన మైళ్లు కొనవచ్చునా?

ప్రశ్న, అనంతపురం నుంచి:
మా అమ్మాయి అమెరికాలో ఉంటున్నందున వచ్చే వేసవిలో నేనూ మా ఆవిడా బెంగళూరు నుంచి వెళ్లాలనుకుంటున్నాము. ఒక విమాన సంస్థ 75,000 రూపాయలకు 50,000 మైళ్లు (డబ్బుకు బదులు ఇచ్చి టికెట్ తీసుకోగల పాయింట్లు) కొంటే మరో 50,000 ఉచితమంటున్నది. ఇప్పుడే కొని ఉంచుకోవడం మంచిదేనా?

జవాబు, కర్నూలు నుంచి:
బోనస్ శాతాన్ని పక్కన పెట్టండి. మీకు మైలు 75 పైసలకు పడుతున్నది. టికెట్ ధరలోంచి, మైళ్లతో తీసుకున్నా చేతి నుంచి కట్టవలసిన పన్నులు, సర్‌చార్జీలు తీసివేసి, మిగిలినదాన్ని అవసరమయ్యే మైళ్లతో భాగించండి. టికెట్ 60,000, పన్నులు 18,000, మైళ్లు 70,000 అనుకుంటే మైలు విలువ 60 పైసలే కాబట్టి, 75కు కొనడం నష్టం. బిజినెస్ తరగతిలో మాత్రం లెక్క తరచు మారుతుంది.

జవాబు, కడప నుంచి:
అయ్యా, అంతకంటే ముందు సీట్లు ఉన్నాయో లేదో చూడండి. వేసవి సెలవుల్లో మైళ్లకిచ్చే సీట్లు, అందునా ఒకే విమానంలో రెండు, దొరకడం కష్టం. నేను నాలుగేళ్ల కిందట కొని దాచుకుంటే, ఆ సంస్థ మధ్యలో టికెట్‌కు కావలసిన మైళ్లను పెంచేసింది. కొన్నవి వాపసు తీసుకోరు గనుక ఆ బాధ ఇప్పటికీ ఉన్నది. ధర డాలర్లలో ఉంటే కార్డు మార్పిడి రుసుమునూ కలుపుకోండి.

అనంతపురం నుంచి:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. వెతికి చూశాను, మా తేదీలకు ఒక్క సీటే కనిపించింది. ఈసారికి కొనడం మానుకుంటున్నాను.