పొరుగింటి సెప్టిక్ ట్యాంకు మినహాయింపు: ఆరోగ్య బోర్డు విచారణలో ఏం అడగాలి?

మాది మసాచుసెట్స్‌లో చిన్న ఊరు, తాగేది సొంత బోరు నీళ్లే. పొరుగువారి సెప్టిక్ వ్యవస్థ తనిఖీలో ఫెయిలైంది. వాన పడితే వాళ్ల పెరట్లో గడ్డి మీదికి మురుగు ఉబికి వస్తోంది, బాగుచేయక తప్పదు. కానీ మురుగునీరు నేలలోకి ఇంకే కొత్త కందకాలు మా బోరుకు 70 అడుగుల్లోనే వేస్తారట! రాష్ట్రంలో సెప్టిక్ వ్యవస్థలకు వర్తించే టైటిల్ 5 నిబంధన ప్రకారం 100 అడుగులు ఉండాలి. మినహాయింపు కోరుతూ స్థానిక ఆరోగ్య బోర్డుకు దరఖాస్తు పెట్టారు. విచారణ నోటీసు మాకూ వచ్చింది. వాళ్ల స్థలం ఇరుకు, నిజమే. అలాగని మా పిల్లలు తాగే నీటితో పందెమా?

విచారణకు ముందే మా నీటిలో నైట్రేటు (మురుగులోని నత్రజని నుంచి వచ్చేది), కోలిఫాం (కాలుష్యాన్ని సూచించే బాక్టీరియా) పరీక్షలు చేయించి ఫలితాలు దాఖలు చేయాలా? నత్రజని తగ్గించే శుద్ధి యూనిట్ పెట్టాలని షరతు అడగవచ్చా? బోర్డు సరేనంటే కోర్టు తప్ప దారి లేదా? రేపు మా ఇల్లు అమ్మాలంటే ధర తగ్గుతుందా? ఇలాంటి విచారణలో మాట్లాడినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.